దించలేని తెరచాపలు: గాలి రోజున ఓడరేవు

గాలి బాగా ముదిరిన రోజున ఓడరేవు గట్టు మీద నిలబడితే ముందుగా కనిపించేది ఒక తలకిందుల వ్యవహారం. నాలుగు వందల మీటర్ల కంటైనర్ ఓడ లోపలికి రావడానికి జంకుతూ దూరంగా ఆగి ఉంటుంది. దాని ముందు అగ్గిపెట్టెలా కనిపించే పైలట్ బోటు, అంటే ఓడను రేవులోకి నడిపించే నిపుణుణ్ని తీసుకెళ్లే పడవ, మాత్రం అలల మీద ఎగిరిపడుతూ బయటికి దూసుకుపోతుంది. చేపల పడవలు ముక్కు పైకెత్తుతూ, మళ్లీ నీళ్లలో గుచ్చుతూ, ఒకదాని వెనుక ఒకటి లోపలికి వచ్చేస్తాయి. పెద్ద ఓడను గాలి ఏమీ చేయలేదని, బెడదంతా చిన్న పడవలకేనని చూసేవారు అనుకోవడం సహజం. నడిసముద్రంలో అది చాలావరకు నిజమే. గట్టు దగ్గరకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. సముద్రంలో ఓడ వంద మీటర్లు పక్కకు జరిగినా ఎవరూ పట్టించుకోరు. రేవులో పది మీటర్లు జరిగితే ఏదో ఒకటి విరుగుతుంది.

ఈ భయం ఎంత పెద్దదో తెలియాలంటే ఒక పాత ఓడను గుర్తు చేసుకోవాలి. 1869లో నీటిలోకి దిగిన కట్టీ సార్క్ తేయాకు రవాణాకు కట్టిన వేగవంతమైన తెరచాప ఓడ. ఉన్న తెరచాపలన్నీ విప్పితే వాటి వైశాల్యం 32,000 చదరపు అడుగులు, అంటే దాదాపు 3,000 చదరపు మీటర్లు. ఆ ఓడ మహాసముద్రాలు దాటింది ఈ గుడ్డ బలంతోనే. ఇప్పుడు నేటి అతిపెద్ద కంటైనర్ ఓడను పక్కనుంచి చూడండి. నీటిపైన లేచిన ఇనుప గోడ, దాని మీద అంతస్తులుగా పేర్చిన పెట్టెలు. పొడవు 400 మీటర్లు, పెట్టెలతో కలిపి ఎత్తు సగటున 37, 38 మీటర్లు అనుకుంటే సుమారు 15,000 చదరపు మీటర్లు. ఐదు కట్టీ సార్క్‌ల తెరచాపలు ఒక్క ఓడ మోస్తోందన్నమాట. ఇంజన్లు వచ్చి ఓడలను గాలి చెర నుంచి విడిపించాయని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ముందుకు నడిచే విషయంలో అది నిజం. పక్కకు కొట్టుకుపోయే విషయంలో మాత్రం ఓడ మొత్తమే తెరచాప అయి కూర్చుంది. పైగా కట్టీ సార్క్ కళాసీలు గాలి పెరిగితే గుడ్డ చుట్టేసేవారు. ఈ తెరచాపను చుట్టే వీల్లేదు.

గాలి తోపు దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు, ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువుతో నొక్కుతుంది. అదేమంత లెక్కలోకి రాదనిపిస్తుంది. 15,000తో గుణిస్తే 90 టన్నులు. గాలి గంటకు 54 కిలోమీటర్లయితే 210 టన్నులు, 72 అయితే 375 టన్నులు. ఓడ ఆకారాన్ని బట్టి, గాలి తగిలే కోణాన్ని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి గానీ, పెరిగే తీరు మారదు. బాగా బలమైన ఆధునిక టగ్గు పడవ లాగగలిగేది 60 నుంచి 80 టన్నులు. కాబట్టి మొదటి గాలికి రెండు టగ్గులు సరిపోతాయి. రెండో దానికి మూడో నాలుగో కావాలి. మూడో దానికి ఐదారు కావాలి. అన్ని టగ్గులు ఒక ఓడ చుట్టూ చేరడానికి చోటు ఎక్కడిది? అందుకే ఓడ బయటే ఆగిపోతుంది. ఆ ఆగడం వెనుక ఉన్నది జంకు కాదు, గుణకారం.

ఈ గాలికి ఎంత తెరచాప నిలుస్తుందన్న ప్రశ్న పాతదే. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ 1806 జనవరిలో తన సొంత పుస్తకంలో గాలి బలాన్ని అంకెలుగా రాసుకోవడం ప్రారంభించాడు. ఆ కొలమానం తర్వాత 0 నుంచి 12 వరకు స్థిరపడింది. 1838లో నౌకాదళం దాన్ని అధికారికంగా తీసుకుంది. అతని పట్టికలో గంటకు ఇన్ని మైళ్లు అనే మాట లేదు. ఈ గాలిలో ఒక యుద్ధనౌక ఎన్ని తెరచాపలు ఉంచుకోగలదు, ఎన్ని చుట్టేయాలి అన్నదే కొలత. 12 అంటే ఏ గుడ్డా తట్టుకోలేనిది. నేటి రేవు అధికారి గాలిమాపకం వైపు చూసి వేసుకునేదీ అదే ప్రశ్న. చుట్టడానికి గుడ్డ లేదు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది ఒకటే, పని ఆపడం. ఫలానా రకం ఓడకు ఫలానా వేగం దాటితే ప్రవేశం లేదని రేవులు గీసుకునే గీతలన్నీ బోఫోర్ట్ పట్టికకు మనవలే.

ఆ పట్టికను పట్టుకుని రేవులో నీళ్లను చూస్తే మాత్రం మోసపోతాం. 6వ నంబరు గాలికి, అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్లకు, సముద్రమంతా తెల్లటి నురగ తలలు కనిపించాలి. అది బయటి సముద్రానికి రాసిన గుర్తు. అల పెరగాలంటే గాలికి పరుగెత్తే మేర ఉండాలి. అడ్డుగోడ లోపల ఆ మేర కొన్ని వందల మీటర్లే. గాలి అంతే ఉంటుంది, అల మాత్రం మోకాలెత్తు దాటదు. రాళ్లు పోసి, కాంక్రీటు దిమ్మెలు పేర్చి కట్టిన అడ్డుగోడ అలను ఆపగలదు. దాని మీదుగా వచ్చే గాలిని ఆపేదేదీ లేదు. నీరు నిమ్మళంగా ఉందని ధీమాపడే కొత్తవారికి ఓడ ఎందుకు అంత అవస్థ పడుతోందో అర్థం కాదు.

చూడాల్సినది అల ఎత్తును కాదు, నీటి రంగును. గాలి ఒక్క తీరుగా వీయదు, విసురు విసురుగా వస్తుంది. ప్రతి విసురూ నీటిని సన్నగా ముడతలు పెడుతుంది, ఆ ముడతలు పడిన మేర నల్లగా కనిపిస్తుంది. కాస్త ఎత్తు మీద నుంచి చూస్తే ఆ నల్లటి మచ్చ రేవు నీటి మీద పరుగెత్తుకుంటూ రావడం స్పష్టంగా తెలుస్తుంది. అది ముందు లంగరు మీద ఉన్న చిన్న పడవను చేరుతుంది, పడవ ఒక్క ఊపుతో పక్కకు వాలుతుంది. తర్వాత జెట్టీ చివరి జెండా ఫటఫటలాడుతుంది. ఆ తర్వాత చూసేవారి చొక్కా. మంచి టగ్గు సరంగు చూపు తెరమీది అంకెల కన్నా ఈ మచ్చల మీదే ఎక్కువగా ఉంటుంది. గాలిమాపకం చెప్పేది వచ్చేసిన గాలి సంగతి, మచ్చ చెప్పేది రాబోయే గాలి సంగతి.

జెండాలను నమ్మడంలోనూ ఒక మెలిక ఉంది. కట్టేసిన ఓడ మీది జెండా అసలు గాలిని చూపిస్తుంది. కదిలే ఓడ మీది జెండా అసలు గాలినీ, ఓడ నడక వల్ల పుట్టే ఎదురుగాలినీ కలిపి చూపిస్తుంది. అందుకే ఒకే రేవులో రెండు జెండాలు రెండు దిక్కులకు ఎగురుతుంటాయి. తెలుపు, ఎరుపు నిలువుగా చెరిసగం ఉన్న జెండా కనిపిస్తే ఆ ఓడలో పైలట్ ఎక్కి ఉన్నాడని అర్థం. అంటే అసలు పని మొదలైందన్నమాట.

పైలట్ ఎక్కడమే ఒక ఘట్టం. బయట ఓడ తన వైశాల్యాన్ని మొదటిసారి మంచికి వాడుకునేది ఇక్కడే. కెప్టెన్ ఓడను కొంచెం తిప్పి ఒక పక్కను గాలికి అప్పగిస్తాడు, రెండో పక్కన గాలిచాటు ఏర్పడుతుంది. ఆ చాటులో నీరు కాస్త చదునవుతుంది. పైలట్ బోటు అక్కడికి చేరి ఓడ పక్కనే పరుగెడుతుంది. పై నుంచి తాళ్ల నిచ్చెన వేలాడుతుంటుంది. ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు దాటితే ఒట్టి తాళ్ల నిచ్చెన చాలదు, ఓడ పక్కన వాలుగా దించే మెట్లను కూడా జోడించాలని అంతర్జాతీయ నియమం. పైలట్ కాలు మార్చే క్షణాన్ని గమనించాలి. బోటు అల శిఖరాన ఉన్నప్పుడే అతను నిచ్చెన అందుకుంటాడు. అప్పుడైతే మరుక్షణం బోటు అతని కాళ్ల కింద నుంచి దిగిపోతుంది. అల అడుగున ఉన్నప్పుడు అందుకుంటే బోటు పైకి లేచి వచ్చి కాళ్లను ఓడ గోడకు అదుముతుంది. దూరం నుంచి చూస్తే అది ఒక మెట్టు ఎక్కినంత తేలికగా ఉంటుంది.

ఇక ఓడ లోపలికి వచ్చే దారి. పక్కగాలిలో ఓడ తన ముక్కు చూపే వైపు ఎప్పుడూ పోదు. గాలి పక్కకు తోస్తుంది కాబట్టి, దారి మీద నిలవాలంటే ముక్కును కొంత గాలికి ఎదురు తిప్పి, ఎండ్రకాయలా ఏటవాలుగా నడవాలి. ఇది చెప్పినంత చిన్న విషయం కాదు. 400 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న ఓడ కేవలం 5 డిగ్రీలు ఏటవాలుగా నడిస్తే దానికి కావలసిన దారి వెడల్పు 95 మీటర్లు. 10 డిగ్రీలైతే దాదాపు 130. ఓడ ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని పాత తెలుగులో అణియం, అమరం అన్నారు. పక్కగాలిలో అణియం ఒక గట్టును, అమరం ఎదుటి గట్టును వెతుక్కుంటాయి.

ఏటవాలు తగ్గించడానికి ఒక ఉపాయం ఉంది, వేగం పెంచడం. ఓడ వేగంగా నడిస్తే గాలి తోసే వ్యవధి తగ్గుతుంది, చుక్కాని మీద నీరు బలంగా కొట్టి మాట వింటుంది. కానీ ఎదురుగా ఉన్నది గట్టు. రెండు లక్షల టన్నుల బరువు ఆగడానికి కిలోమీటర్లు కావాలి. వేగం తగ్గిస్తే గాలి పట్టుకుంటుంది, తగ్గించకపోతే గట్టు పట్టుకుంటుంది. గాలి రోజున పైలట్ విద్య అంతా ఈ రెంటి నడుమ ఏ క్షణాన ఎంత వదులుకోవాలన్నదే. మామూలు మాటల్లో గాలివాటంగా పోవడం అంటే తోచినట్టు పోవడం. రేవులో మాత్రం గాలి వాటం తెలియడమన్నంత కట్టుదిట్టమైన లెక్క ఇంకొకటి లేదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 2021 మార్చి 23న సూయజ్ కాలువలో లోకమంతా చూసింది. 400 మీటర్ల ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ ఇసుక తుపాను గాలుల్లో అడ్డం తిరిగి, ముక్కు ఒక గట్టులో, తోక రెండో గట్టు దగ్గర ఇరుక్కుపోయింది. మార్చి 29 దాకా కదల్లేదు. తప్పంతా గాలిదే అనడం సులువు గానీ సరికాదు. ఇరుకు కాలువలో వేగంగా పోయే ఓడకు గట్టుకూ నడుమ నీటి ఒత్తిడి మారి, గట్టు ఓడను తనవైపు గుంజుకుంటుంది. గాలి పక్కకు నెట్టడం, దాన్ని సరిదిద్దబోయి వేగం పెంచడం, ఆ వేగానికి గట్టు గుంజడం, ఇవన్నీ ఒకదానికొకటి తోడవుతాయి.

ఓడ గట్టుకు చేరి మోకులు కట్టేశాక కథ అయిపోయిందని జనం వెళ్లిపోతారు. నిజానికి దగ్గర నుంచి చూడవలసిన భాగం అదే. ముందు సన్నని తాడు ఒకటి కొసన బరువు కట్టుకుని ఒడ్డుకు ఎగిరి వస్తుంది. గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తుంటే అది రెండు మూడు సార్లు నీళ్లలో పడుతుంది, పై నుంచి కళాసీలు గొణుక్కుంటూ మళ్లీ లాక్కుంటారు. ఆ సన్న తాడు వెనుక అసలు మోకు వస్తుంది. మోకు కొసన పెద్ద కన్ను ఉంటుంది, దాన్ని గట్టు మీద బొలార్డు అనే ఇనుప దిమ్మకు తగిలిస్తారు. అక్కడ అప్పటికే ఇంకో మోకు కన్ను ఉంటే కొత్తదాన్ని ఊరికే దాని పైన వేయరు. పాత కన్ను లోపలి నుంచి పైకి తీసి, అప్పుడు దిమ్మకు తగిలిస్తారు. ఇలా చేస్తే రెంటిలో ఏదైనా ముందు విప్పుకోవచ్చు. చూస్తే రెండు క్షణాల పని. గాలి విసిరిన రాత్రి ఒక మోకును హడావిడిగా మార్చవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మోకులన్నీ ఒకే పని చేయవు. ఓడకు అడ్డంగా, గట్టు నుంచి సూటిగా వచ్చేవి ఓడ గట్టును విడిచి పోకుండా పట్టుకుంటాయి. గట్టు వెంబడి ఏటవాలుగా పోయేవి ముందుకూ వెనక్కూ జారకుండా ఆపుతాయి. గాలి ఒడ్డు మీదుగా నీటి వైపు వీస్తే మొదటి రకం మోకుల మీదే భారమంతా పడుతుంది. గాలి నీటి వైపు నుంచి వస్తే మోకులు వేలాడతాయి, ఓడ గట్టున ఉన్న రబ్బరు దిండ్లను నొక్కుకుంటుంది. అప్పుడు మోకులకు సుఖం, బయలుదేరడానికి కష్టం. టగ్గులు లేకుండా ఆ ఓడను గట్టు నుంచి ఊడదీయడం కుదరదు.

నైలాన్ మోకు సాగుతుంది, ఉక్కు మోకు దాదాపు సాగదు. ఈ రెండూ పక్కపక్కన ఒకే పనికి కడితే భారమంతా ఉక్కే మోస్తుంది, నైలాన్ చూస్తూ ఉంటుంది. ఉక్కు తెగాక నైలాన్ వంతు. అందుకే ఒకే పని చేసే మోకులు ఒకే రకం, ఒకే పొడవు ఉండాలంటారు. సాగే గుణం విసురును మింగడానికి మంచిది, తెగినప్పుడు మాత్రం అదే శత్రువు. సాగినంత శక్తీ ఒక్కసారి విడుదలై మోకు కొరడాలా వెనక్కి వస్తుంది, దాని దారిలో మనిషి ఉంటే మిగలడు. దీనికి విరుగుడుగా మోకు చుట్టిన యంత్రపు బ్రేకును మోకు తెగే బలంలో 60 శాతం దగ్గరే జారేలా బిగిస్తారు. గాలి మితిమీరితే మోకు తెగదు, కొంచెం కొంచెంగా వదులుతుంది. ఓడ గట్టును వీడి మెల్లగా జరుగుతున్నట్టు కనిపిస్తే అది ప్రమాదం మొదలవుతున్న గుర్తే, కానీ ఇంకా సమయం ఉన్న గుర్తు కూడా. మోకు బిగిసేటప్పుడు కిర్రుమంటుంది, నీళ్లు పిండినట్టు కారతాయి. ఆ చప్పుడు వినబడేంత దగ్గరలో నిలబడకపోవడమే మేలు.

రేవు బయట లంగరు వేసిన ఓడల వరుస మరో పాఠం. గాలి ఒక వైపు, ఆటుపోట్ల ప్రవాహం మరో వైపు ఉన్నప్పుడు వాటి ముక్కులన్నీ ఒకే దిక్కు చూడవు. నిండుగా సరుకు నింపుకుని నీటిలో లోతుగా దిగిన చమురు ఓడ ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటుంది. పక్కనే ఖాళీగా, ఎర్రటి అడుగు రంగు బయటపెట్టుకుని ఎత్తుగా తేలే ఓడ గాలికి ఎదురు తిరిగి ఉంటుంది. రెండూ ఒకే నీటిలోనే ఉన్నా, ఒకటి నీటి మాట వింటోంది, ఒకటి గాలి మాట వింటోంది. ఓడలు మితిమీరి సరుకు నింపుకోకుండా పక్కన గీత గీయించిన ఘనత శామ్యూల్ ప్లిమ్సాల్‌ది, బ్రిటన్‌లో 1876 చట్టంతో అది తప్పనిసరి అయింది. బరువెక్కువైతే మునుగుతుందన్నది అందరికీ తెలిసిన భయం. బరువు తక్కువైతే కొట్టుకుపోతుందన్నది గాలి రోజున గుర్తొచ్చే భయం.

లంగరు తన బరువుతో ఓడను పట్టుకుంటుందనుకోవడం పొరపాటు. నేల మీద పరుచుకున్న గొలుసు లాగుడును అడ్డంగా ఉంచుతుంది, అడ్డంగా లాగితేనే లంగరు కొక్కేలు మట్టిలోకి దిగుతాయి. గొలుసు చాలక లాగుడు పైకి తిరిగిందా, కొక్కెం ఊడి వస్తుంది. అందుకే గాలి పెరిగే కొద్దీ ఇంకా గొలుసు వదులుతారు. ఒక్కో గొలుసు ముక్క 27.5 మీటర్లు, దాన్నే లెక్కగా వాడతారు. లంగరు జారుతున్న ఓడను ఒడ్డు నుంచే పసిగట్టవచ్చు. మామూలుగా అది గాలికి ముక్కు చూపుతూ అటూ ఇటూ ఊగుతుంటుంది. ఊగడం మానేసి పక్క చూపిస్తూ నిలిచిపోతే లంగరు నేలను దున్నుతోందన్నమాట. 2007 జూన్ 8న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు బయట బొగ్గు కోసం ఖాళీగా ఎదురుచూస్తున్న 225 మీటర్ల పాషా బల్కర్ అనే ఓడ తుపానులో లంగరు లేపి నడిసముద్రానికి పోవడంలో ఆలస్యం చేసింది. గాలి దాన్ని ఒడ్డు మీదికి ఎక్కించింది. మళ్లీ నీటిలోకి లాగడానికి జూలై 2 దాకా పట్టింది. చెడు గాలిలో ఓడలు రేవును వదిలి బయటికి పారిపోవడం చూసేవారికి వింతగా ఉంటుంది గానీ, ఓడకు చుట్టూ నీళ్లుండటమే క్షేమం.

గట్టు మీది క్రేన్ల సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. నలభై అడుగుల పెట్టె పక్క వైశాల్యం 30 చదరపు మీటర్లు దాటుతుంది, ఖాళీది నాలుగు టన్నుల లోపే తూగుతుంది. తాళ్లకు వేలాడే అలాంటి పెట్టెను గంటకు 50 కిలోమీటర్ల గాలిలో అంగుళాల లెక్కన దించడం చాలా కష్టం. చాలా రేవుల్లో గాలి గంటకు 70 కిలోమీటర్ల దరిదాపులకు వస్తే క్రేన్లు ఆపి, చేతులు పైకెత్తించి, కాళ్లను నేలకు మేకులతో బంధిస్తారు. దూరం నుంచి క్రేన్ల చేతులన్నీ ఆకాశం వైపు లేచి కనిపిస్తే రేవు ఆ రోజుకు చేతులెత్తేసిందని అక్షరాలా అనుకోవచ్చు.

చేపల పడవలు ఈ గొడవలో ఎక్కడా లేనట్టుంటాయి. జెట్టీ వెంట ఒకదానికొకటి ఆనించి, నడుమ పాత టైర్లు వేలాడదీసి, గుంపుగా కట్టేస్తారు. గాలి నీటి వైపు నుంచి వస్తే ఎక్కువగా తగిలేది అన్నిటికన్నా బయటి పడవకు, మిగిలినవి దాని చాటున ఉంటాయి. గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తే మాత్రం భారమంతా చేరేది అన్నిటికన్నా లోపలి పడవ మోకులకు. అనుభవమున్న సరంగు ఆ రెండు చోట్లా తన పడవను కట్టడు. మధ్యలో చోటు కోసం చూస్తాడు, లేదా బయటి పడవలు కూడా ఒడ్డుకు సొంతంగా మోకులు వేసుకోవాలని పట్టుబడతాడు.

సాయంత్రానికి గాలి తగ్గుతుంది. జెండాలు వాలిపోతాయి, నల్లటి మచ్చలు నీటి మీద కనిపించవు. క్రేన్ల చేతులు ఒక్కొక్కటే దిగుతాయి. అయినా కొన్నిసార్లు గట్టు దగ్గరి ఓడలో పని మొదలుకాదు. గాలి ఎక్కడో లేపిన పొడవాటి అలలు గాలితో పాటు ఆగిపోవు. పన్నెండు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలల గుంపు లోతైన సముద్రంలో గంటకు సుమారు 34 కిలోమీటర్లు నడుస్తుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలో పుట్టినవి రేవుకు చేరేసరికి ముప్పై గంటలు పడుతుంది. వాటితో పాటు నిమిషానికి పైగా వ్యవధి ఉండే మరీ నెమ్మది అలలు కూడా వస్తాయి. ఎత్తు జానెడు కూడా ఉండదు కాబట్టి కంటికి ఆనవు, అడ్డుగోడ వాటిని ఆపలేదు. రేవు నీరంతా ఒక పళ్లెంలా మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది. అద్దంలాంటి నీటి మీద లక్ష టన్నుల ఓడ ఎవరూ తోయకుండానే ఒక మీటరు ముందుకు, ఒక మీటరు వెనక్కి జరుగుతుంటుంది. ఏటవాలు మోకులు వంతులవారీగా బిగుస్తూ, వదులవుతూ ఉంటాయి. క్రేన్ డ్రైవరు పెట్టెను పట్టుకోకుండా పైనే ఆపి, ఓడ మళ్లీ తన కిందికి వచ్చేదాకా చూస్తుంటాడు.